సంగీత సాఫ్ట్‌వేర్ తెరను మార్చుకోవాలంటే: థీమ్, అమరిక, కొత్త స్క్రీన్, కొత్త సాఫ్ట్‌వేర్‌లలో ఏది ముందు?

పాటలను రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ తెర కళ్లకు శ్రమగా మారినప్పుడు, లేదా కావలసిన ట్రాక్, అంటే ఒక్కో వాద్యమో గొంతో రికార్డయిన వరుస, సమయానికి కంటికి దొరకనప్పుడు, మన ముందు నాలుగు దారులుంటాయి. ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే రంగులను, అంటే థీమ్‌ను మార్చుకోవచ్చు. ట్రాకులు, వాటి ధ్వని హెచ్చుతగ్గులను సరిచేసే మిక్సర్, ముక్కలను కత్తిరించి అతికించే ఎడిటర్ ఎక్కడ ఎంత మేర కనబడాలన్న అమరికను మార్చుకోవచ్చు. పెద్ద స్క్రీన్ గాని రెండో స్క్రీన్ గాని తెచ్చుకోవచ్చు. ఇవేవీ చాలవనిపిస్తే సాఫ్ట్‌వేర్‌నే మార్చేయవచ్చు. హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు ఒంటిగది స్టూడియోలు నడిపేవారితో ఈ మాట ఎత్తితే చర్చ చాలాసార్లు థీమ్ దగ్గర మొదలై నేరుగా సాఫ్ట్‌వేర్ మార్పు దగ్గరికి వెళ్లిపోతుంది. మధ్యలో ఉన్న అమరిక గురించి ఎవరూ అంతగా పట్టించుకోరు. రూపాయి ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చేది అదేనని నా అభిప్రాయం. అందుకు కారణాలు ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఏ దారిని ఎంచుకోవాలన్నా ముందు మీ చూపు తెరమీద దేనికోసం తడుముకుంటోందో గమనించుకోవాలి. డబ్బింగ్ చేసేవారికి కావలసింది చిత్రం, దాని కింద రెండు మూడు ట్రాకులు, దూరం నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అంకెల్లో టైమ్‌కోడ్, అంటే చిత్రంలో ఏ క్షణం నడుస్తోందో చూపే గడియారం. మిక్సర్ కనబడకపోయినా వారికి లోటు లేదు. యూట్యూబ్ కోసం తెలంగాణ జానపద గీతాలు చేసేవారికి డప్పు, డోలక్, లూపులు, కీబోర్డు, గాయనీగాయకుల టేకులు, కోరస్ అన్నీ కలిసి ట్రాకులు ముప్పై నలభైకి చేరుతాయి కాబట్టి వారిది వెతుకులాటతో వచ్చే ఇబ్బంది. సినిమా పాట ఆఖరి మిక్స్‌లో ట్రాకులు వంద దాటడం మామూలే గనుక, అక్కరలేనివాటిని క్షణంలో దాచి మళ్లీ క్షణంలో రప్పించగలగడమే అక్కడ అసలైన సౌకర్యం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వంటి వేదికమీద రికార్డు చేసిన కర్ణాటక సంగీత కచేరీని ఎడిట్ చేసేవారికైతే ట్రాకులు పదికి మించవు గాని నిడివి గంటల్లో ఉంటుంది. వారికి ముఖ్యమైన చోట్లను గుర్తించే మార్కర్లు స్పష్టంగా కనబడాలి, జూమ్ చేసినప్పుడు ధ్వనిని గీతగా చూపే వేవ్‌ఫామ్ తడబడకుండా రావాలి. ఈ నలుగురికీ ఒకే సలహా చెప్పడం కుదరదు.

గది వెలుతురు, కళ్ల వయసు

నల్లని థీమ్ అందరికీ హాయినిస్తుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. దీపాలు తగ్గించిన మిక్సింగ్ గదిలో అది నిజమే. అక్కడ తెల్లని తెర కళ్లలో పొడిచినట్టుంటుంది. పడమటి కిటికీ తెరిచి ఉన్న అద్దె గదిలోనో, తెల్లని ట్యూబ్‌లైట్ కింద మెరిసే గాజు స్క్రీన్ ముందో కూర్చున్నప్పుడు మాత్రం ఆ నల్లని తెరమీద ట్రాకులకన్నా ముందు మన ముఖం, వెనుకనున్న గోడ ప్రతిబింబిస్తాయి. పైగా నేపథ్యం లేతగా ఉన్నప్పుడు కంటిపాప చిన్నదవుతుంది, స్పష్టంగా కనబడే దూరాల పరిధి పెరుగుతుంది, చిన్న అక్షరాలు పదునుగా కనబడతాయి. నలభై దాటి చత్వారం మొదలైనవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. కంటి ముందుపొర వంపు సమంగా లేని ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి నల్లని నేపథ్యంమీద తెల్లని సన్నని అక్షరాలు చుట్టూ చెదిరినట్టు కనబడటం కూడా సాధారణమే. కాబట్టి పగలూ రాత్రీ ఒకే గదిలో పనిచేసేవారు పూర్తి నలుపుకీ పూర్తి తెలుపుకీ పోకుండా నడిమి బూడిదరంగు థీమ్‌ను ఎంచుకోవడం మంచిది.

థీమ్ అందంగా ఉందా లేదా అన్నదానికన్నా అందులో అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఎంత అన్నది ముఖ్యం. వెబ్ పేజీల కోసం రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, గుర్తులకూ బొత్తాలకూ కనీసం 3:1 వెలుగు నిష్పత్తి ఉండాలంటుంది. ఇది సంగీత సాఫ్ట్‌వేర్ కోసం రాసినది కాకపోయినా, కొలబద్దగా ఇక్కడా పనికొస్తుంది. చాలా మంది మెచ్చుకునే బూడిదమీద బూడిదరంగు థీమ్‌లు ఈ పరీక్షలో నిలబడవు. ఇంట్లోనే చేయగల పరీక్ష ఇంకొకటుంది: సెషన్, అంటే మీరు పనిచేస్తున్న పాట ఫైల్, తెరిచి స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లో దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రికార్డుకు సిద్ధంగా ఉన్న ట్రాక్, మ్యూట్ అయిన ట్రాక్, మామూలు ట్రాక్ అందులో వేరువేరుగా కనబడకపోతే ఆ థీమ్ కేవలం రంగుమీదే ఆధారపడుతోందని అర్థం. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా కనబడని లోపం ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది గనుక స్త్రీలకన్నా పురుషుల్లో ఎక్కువ. అలాంటివారు మీ స్టూడియోలో ఉంటే మీటర్లకు ఆకుపచ్చ, ఎరుపుల స్థానంలో నీలం, నారింజ పెట్టుకోగల సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం న్యాయం.

అమరిక

వంటింట్లో పోపులపెట్టె మూత తీయగానే చెయ్యి చూడకుండానే ఆవాల గిన్నె మీదికి పోతుంది; తెరమీద ట్రాకుల వరుస కూడా అలా అలవాటు కావాలి. అందుకు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. లయవాద్యాలు పైన, బేస్ దాని కింద, తీగవాద్యాలు, కీబోర్డులు, వేణువు వంటి సోలో వాద్యాలు, ఆ తర్వాత ప్రధాన గాత్రం, కోరస్, అట్టడుగున ఎఫెక్టులు అన్న క్రమాన్ని ఒకసారి నిర్ణయించుకుని, ప్రతి కుటుంబానికీ ఒక రంగు కేటాయించి, టెంప్లేట్‌గా, అంటే కొత్త పాటలు మొదలుపెట్టే నమూనాగా, దాచుకుని, ఆపైన ఏ పాటకూ ఆ క్రమాన్ని తప్పకుండా ఉండటమే. రంగులు ఏడెనిమిదికి మించితే కంటికి గుర్తుండవు. గాత్రానికి ఇచ్చిన రంగు మిగతావాటికన్నా కాస్త ప్రకాశంగా ఉండి, తక్కినవన్నీ మందంగా ఉంటే చూపు తనంతట తానే గాత్రం దగ్గరికి చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రంగులన్నిటినీ ఒకే సెషన్‌లో వాడేస్తే ఏ రంగుకూ అర్థం మిగలదు.

ఈ రంగులను చేత్తో వేయడం విసుగనిపించేవారికి దారులున్నాయి. రీపర్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌డబ్ల్యూఎస్ అనే ఉచిత చేర్పును పెట్టుకుంటే, ట్రాక్ పేరులో ఫలానా పదం ఉంటే ఫలానా రంగు రావాలని నియమం రాయవచ్చు. క్యూబేస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ లాజికల్ ఎడిటర్ అదే పని చేస్తుంది. కంప్యూటర్‌మీద వాద్యాలు కూర్చే బయటి ప్రోగ్రామర్ల నుంచి వచ్చే ఫైళ్లతో రోజూ పనిచేసే స్టూడియోకు ఈ ఒక్క సౌకర్యమే ఏ థీమ్‌కన్నా ఎక్కువ సమయం మిగులుస్తుంది.

అమరికలో రెండో భాగం తెర రూపాలను దృశ్యాలుగా భద్రపరచుకోవడం. రికార్డింగ్‌కు ఒకటి, ఎడిటింగ్‌కు ఒకటి, మిక్స్‌కు ఒకటి చొప్పున మూడు దృశ్యాలు చాలు. లాజిక్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో వీటిని స్క్రీన్‌సెట్‌లంటారు, అంకె మీట నొక్కితే వచ్చేస్తాయి. రీపర్‌లోనూ అదే పేరుతో ఉన్నాయి. క్యూబేస్‌లో వర్క్‌స్పేస్‌లు, ప్రో టూల్స్‌లో విండో కాన్ఫిగరేషన్లు ఉన్నాయి. ప్రో టూల్స్ మెమరీ లొకేషన్లు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఏ ట్రాకులు కనబడాలి, జూమ్ ఎంత ఉండాలి అన్నవి కూడా గుర్తుపెట్టుకుంటాయి. వంద ట్రాకుల మిక్స్‌లో కోరస్ ట్రాకులను మాత్రమే ఒక్క మీటతో తెరమీదికి తెచ్చుకోవాలనుకునేవారికి ఇది వరం లాంటిది.

గ్రిడ్, అంటే తాళం లెక్కను చూపే నిలువు గీతల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. తీన్మార్ దరువును 6/8లో (ఆరు మాత్రల లెక్క), మిశ్రచాపును 7/8లో (ఏడు మాత్రల లెక్క) పెట్టుకుంటేనే నిలువు గీతలు దరువు పడేచోట పడతాయి. గీతలు 4/4లో ఉండగానే మిశ్రచాపు పాటను కత్తిరించి అతికించేవారు కూడా లేకపోలేదు. చెవిమీద అంత నమ్మకం ఉన్నవారికి ఈ వ్యాసంతో పెద్దగా పనిలేదు.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు మార్చనిస్తుంది

తెర రూపాన్ని మార్చుకునే స్వేచ్ఛ ఒక్కటే కొలత అయితే రీపర్‌కు పోటీ లేదు. దాని థీమ్ అంటే కొన్ని బొమ్మలు, రంగుల పట్టిక, వాల్టర్ అనే చిన్న భాషలో రాసిన అమరిక సూచనలు కలిపి కట్టిన మూట. బొత్తం ఎక్కడుండాలో, ధ్వని స్థాయిని మార్చే ఫేడర్ ఎంత పొడవుండాలో, ట్రాక్ పేరు ఏ మూల రావాలో కూడా దానిలో మార్చవచ్చు. అంత లోతుకు దిగలేనివారికి ప్రస్తుత ప్రధాన థీమ్‌తోపాటే సర్దుబాటు పలక వస్తుంది. 60 రోజులు వాడి చూసే అవకాశమిస్తారు. వ్యక్తులకూ చిన్న వ్యాపారాలకూ లైసెన్స్ 60 డాలర్లు, ఏడాదికి 20,000 డాలర్లకు మించి రాబడి ఉన్న వ్యాపారానికి 225 డాలర్లు. ఇన్ని మంచి మాటల తర్వాత ఒక హెచ్చరిక: రీపర్ థీమ్‌లు వెతకడం పాట పూర్తిచేయడంకన్నా సరదాగా ఉంటుంది. ఇతర సాఫ్ట్‌వేర్‌లను పోలిన రూపాన్ని రీపర్‌కు తొడిగే థీమ్‌లు కూడా దొరుకుతాయి, కాని మీటలూ మెనూలూ రీపర్‌వే ఉంటాయి గనుక ఆ పోలిక కొత్తవారిని తికమకపెడుతుంది. 2019 చివర్లో వచ్చిన ఆరో వెర్షన్‌కు ముందు తయారైన థీమ్‌లలో చాలావాటికి ఎక్కువ సాంద్రత గల స్క్రీన్లమీద బొమ్మలు మసకబారతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఏబుల్టన్ లైవ్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానిలో పలకలను ఇష్టం వచ్చినచోటికి లాగి పెట్టుకోలేము; ఉన్నచోటే ఉంటాయి, దాచడం, చూపించడం మాత్రమే మన చేతిలో ఉంటుంది. అయితే ఉన్న కొద్దిపాటి సర్దుబాట్లనూ చాలా శ్రద్ధగా ఇచ్చారు. తెరంతటినీ 50 నుంచి 200 శాతం వరకు చిన్నది పెద్దది చేసే జూమ్ చత్వారం ఉన్నవారికి ఎంతో మేలు. 2024 మార్చిలో వచ్చిన పన్నెండో వెర్షన్‌లో కొత్త థీమ్‌లతోపాటు ఎక్కువ కాంట్రాస్ట్ ఎంపిక, చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కు మద్దతు, పాట మొత్తం వరుసగా కనబడే అరేంజ్‌మెంట్ దృశ్యంలోనే మిక్సర్ చూసుకునే వీలు చేరాయి. సర్దుబాట్లతో కాలం గడపడం ఇష్టంలేని ప్రోగ్రామర్‌కు, ఒకే లాప్‌టాప్ స్క్రీన్‌మీద పనిచేసేవారికి నేను మొదట సూచించేది దీనినే.

ఎఫ్ఎల్ స్టూడియోలో 2022 డిసెంబరులో విడుదలైన 21వ వెర్షన్ నుంచి రంగు ఛాయ, గాఢత, వెలుగు, కాంట్రాస్ట్‌లను స్లయిడర్లతో మార్చుకోవచ్చు. కిటికీలు విడివిడిగా తేలుతూ ఉండటం దాని స్వభావం. పెద్ద స్క్రీన్‌మీద అది స్వేచ్ఛగా, చిన్న లాప్‌టాప్‌మీద గందరగోళంగా ఉంటుంది. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం కాబట్టి ఇప్పటికే దానిమీద చెయ్యి తిరిగినవారు తెర కోసం మాత్రమే దాన్ని వదలడంలో అర్థం లేదు.

క్యూబేస్ మధ్యస్థంగా ఉంటుంది. తెరలోని భాగాల రంగులను వేర్వేరుగా మార్చవచ్చు, ట్రాక్ తలభాగంలో ఏ బొత్తాలు కనబడాలో ఎంచుకోవచ్చు, మిక్సర్‌లో ఏ ఛానళ్లు కనబడాలన్న జాబితాలను దాచుకోవచ్చు. ఎంపికలు ఎక్కువే గాని అవి ప్రిఫరెన్సెస్ కిటికీలో అనేక మూలల్లో చెదిరి ఉండటంతో మొదటిసారి ఓపిక కావాలి. లాజిక్ ప్రో మాక్‌మీద, ఐప్యాడ్‌మీద మాత్రమే నడుస్తుంది. దాని ముదురు రూపాన్ని మార్చే థీమ్‌లు లేవు. ట్రాకుల రంగులు, తలభాగాల్లోని బొత్తాలు, పైనున్న కంట్రోల్ బార్, స్క్రీన్‌సెట్‌లు మన ఇష్టం. ఆ ముదురు రూపం కంటికి నప్పినవారికి దీనితో ఏ బెడదా ఉండదు, నప్పనివారికి మాత్రం వేరే దారి లేదు. ప్రో టూల్స్‌లో 2020.11 వెర్షన్‌తో ముదురు థీమ్ వచ్చింది. పాత లేత రూపం కూడా ఉంది, ఈ రెంటి మధ్యే ఎంపిక. పెద్ద స్టూడియోల మధ్య సెషన్లు ఇచ్చిపుచ్చుకునేవారు ప్రో టూల్స్‌ను తెర చూసి ఎంచుకోరు గనుక దీని గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా థీమ్ మారితే ప్లగిన్ల, అంటే ధ్వనిని మార్చడానికి అదనంగా తగిలించుకునే పరికరాల, రూపం మారదు. ప్రతి ప్లగిన్ తన కిటికీని తానే గీసుకుంటుంది. రోజులో ఎక్కువ భాగం ఈక్యూ, కంప్రెసర్ కిటికీల ముందే గడిపేవారు సాఫ్ట్‌వేర్ థీమ్‌మీద పెట్టే శ్రమను ముందు తమ ప్లగిన్లలో సైజు మార్చుకునే ఎంపిక ఉందో లేదో చూసుకోవడంమీద పెట్టాలి.

స్క్రీన్ కొనేముందు

స్క్రీన్ విషయంలో అంగుళాల అంకెకన్నా అంగుళానికి పడే చుక్కల లెక్క ముఖ్యం. 15.6 అంగుళాల లాప్‌టాప్‌లో 1920×1080 అంటే అంగుళానికి దాదాపు 141 చుక్కలు. అదే రిజల్యూషన్ 24 అంగుళాల స్క్రీన్‌లో 92కు దిగుతుంది, అంటే చోటు పెరగదు గాని అక్షరాలు పెద్దవవుతాయి. 27 అంగుళాల్లో 2560×1440 అయితే 109; అక్షరం చదవగలిగే సైజులోనే ఉంటుంది, ట్రాకులకు నిజంగా చోటు పెరుగుతుంది. 27 అంగుళాల 4కే (3840×2160) స్క్రీన్‌లో 163 వస్తుంది కాబట్టి విండోస్‌లో 150 శాతం స్కేలింగ్, అంటే తెరమీదివన్నీ పెద్దవి చేసి చూపే సర్దుబాటు, పెట్టక తప్పదు, అప్పుడు చోటు సరిగ్గా 2560×1440కి సమానమవుతుంది. అక్షరాల నునుపు మాత్రమే అదనం. పాత ప్లగిన్లు ఎక్కువగా వాడే స్టూడియోలో ఈ స్కేలింగ్ వల్ల కొన్ని కిటికీలు మరీ చిన్నగానో మసకగానో వస్తాయి. అందువల్ల విండోస్ వాడే చిన్న స్టూడియోకు 27 అంగుళాల 2560×1440 స్క్రీన్‌నే నేను సూచిస్తాను. 43 అంగుళాల 4కే టీవీని స్క్రీన్‌గా పెట్టుకునేవారు దానిలో పీసీ మోడ్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే రంగు సమాచారాన్ని కుదించడం వల్ల ఎర్రని, నీలపు అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు మీ లాప్‌టాప్‌ను, అసలైన సెషన్‌ను వెంట తీసుకెళ్లి, దుకాణంలో దాన్ని తెరిచి చూడటం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి.

ఒక పెద్ద స్క్రీనా, రెండు చిన్నవా అన్న ప్రశ్నకు సమాధానం స్పీకర్లు చెప్పాలి. రెండు స్క్రీన్లు పక్కపక్కన పెడితే వాటి నడుమ ఉన్న అంచు సరిగ్గా మన ఎదుటికి వస్తుంది, తల ఎప్పుడూ ఒకవైపు తిరిగి ఉంటుంది, స్టీరియో మధ్యబిందువు తప్పుతుంది. పెద్ద స్క్రీన్ స్పీకర్ల మధ్య వాటికన్నా ముందుకు వచ్చి నిలబడితే ధ్వని దానిమీద పడి తిరిగొస్తుంది. స్క్రీన్‌ను స్పీకర్ల ముందు భాగంకన్నా కొంచెం వెనక్కు, వీలైనంత కిందికి పెట్టాలి. డబ్బింగ్‌కు మాత్రం రెండోది తప్పనిసరి, ఎందుకంటే చిత్రం గాయకుల లేదా నటుల గదిలోకి కూడా వెళ్లాలి.

తెలుగు అక్షరాలు

ట్రాక్ పేర్లను చాలా మంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు గాని, సాహిత్యాన్ని, మార్కర్లను, డబ్బింగ్ మాటలను తెలుగులో ఉంచుకునేవారూ ఉన్నారు. తెలుగులో వత్తులు గీత కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి ఒకే సైజులో కూడా మన అక్షరానికి నిలువుగా ఎక్కువ చోటు కావాలి. ట్రాక్ ఎత్తును బాగా తగ్గించినప్పుడు ముందు తెగేవి వత్తులే. సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేముందు ట్రాక్ పేరుగా 'స్త్రీ కోరస్' అనీ, మార్కర్‌గా 'అనుపల్లవి తర్వాత' అనీ కొట్టి చూడండి. 'స్త్రీ' విడిపోయి పొల్లులతో కనబడితే అక్షరాలను కూర్చే పని ఆ కిటికీకి రాదని అర్థం. 'పల్ల' కింద లావత్తు సగం తెగితే థీమ్‌లో ఎత్తు చాలలేదని అర్థం. రెండోదానికి రీపర్ వంటి చోట్ల మందుంది, మొదటిదానికి లేదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఒక్కరే పనిచేసే ఇంటి స్టూడియో అయితే ముందు ట్రాకుల క్రమం, రంగుల టెంప్లేట్, ఆ తర్వాత జూమ్, నడిమి బూడిదరంగు థీమ్, అప్పటికీ చోటు చాలకపోతే 27 అంగుళాల స్క్రీన్, ఈ వరుసలో వెళ్లడం మేలు. ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు వంతులవారీగా కూర్చునే స్టూడియోలో సొంత అభిరుచులకు చోటు తక్కువ. అక్కడ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మూల థీమ్‌నే ఉంచి, టెంప్లేట్‌ను మాత్రం అందరూ కూర్చుని ఒకటిగా నిర్ణయించుకోవాలి. కాల్‌షీట్ మధ్యలో వచ్చిన ఇంజనీర్ రికార్డు బొత్తం కోసం వెతుక్కునే పరిస్థితి గాయకుడి ముందు రాకూడదు.

సాఫ్ట్‌వేర్‌ను మార్చడం రెండు సందర్భాల్లోనే సమంజసం. కంటి అవసరం వల్ల కావలసిన కాంట్రాస్ట్ గాని అక్షరాల సైజు గాని ఇప్పటిదానిలో ఎంత ప్రయత్నించినా రాకపోవడం ఒకటి. పని స్వభావమే మారిపోవడం, అంటే బీట్లు చేసుకునేవారు సినిమా నేపథ్య సంగీతంలోకి రావడం వంటిది, రెండోది. అప్పుడు కూడా ఉచిత పరీక్షా కాలాన్ని వృథా చేయకూడదు. లైవ్‌కు 30 రోజులు, రీపర్‌కు 60, లాజిక్‌కు 90 రోజులు ఇస్తున్నారు. ఎఫ్ఎల్ స్టూడియో పరీక్షా రూపానికి గడువు లేదు గాని సేవ్ చేసిన ప్రాజెక్టును మళ్లీ తెరవనివ్వదు. ఈ కాలంలో మెనూలు తిరగేయడంతో సరిపెట్టకుండా, డబ్బు చేతులు మారని పాట ఒకదాన్ని తీసుకుని రికార్డింగ్ నుంచి ఆఖరి మిక్స్ దాకా దానిలోనే పూర్తిచేయండి. సాయంత్రానికి కళ్లు మండుతున్నాయా, ఏ బొత్తం కోసం పదేపదే వెతుకుతున్నారు అన్నవి కాగితంమీద రాసుకోండి.

ఏ దారి ఎంచుకున్నా థీమ్ ఫైల్‌ను, టెంప్లేట్‌ను, దాచుకున్న దృశ్యాలను సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో ఒక్కచోటే ఉంచకుండా వేరే డిస్క్‌లో కూడా నకలు పెట్టుకోండి. విడుదల తేదీ దగ్గరపడిన వారంలో సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయకండి. బయటివారు చేసిన థీమ్‌లు కొత్త వెర్షన్‌లో చెదిరిపోతే, సర్దుకునేంత తీరిక అప్పుడు దొరకదు.